సంకల్పంలో ఓహూస్

టూవూంబా
8 జూన్ 2025

అమ్మలూ హరిప్రియా,

ఇక్కడ ఆస్ట్రేలియాలో చలి ముదిరింది. పొద్దున్నే కొండ మీదికి మంచు ఎక్కివచ్చి మన లెటర్‌బాక్సు కూడా కనపడనివ్వడం లేదు. ఆ మంచులోనే మీ అమ్మ కారు తీసుకుని హాస్పిటల్ డ్యూటీకి పోతోంది. జాగ్రత్త అంటే, "మీ కూతురు అక్కడ డిసెంబరులో పడే చలి ముందు ఇదో చలా!" అంటుంది.

ఫోనులో జ్వరాలూ కూరలూ, ఉత్తరంలో అసలు సంగతులు అన్నది మన ఒప్పందం. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ చేత్తోనే రాయాలి. టైపు చేస్తే తెలుగు నీ ఫోను రాస్తుంది, నువ్వు రాయవు.

అసలు సంగతి ఇదీ. కెల్లీవిల్ నుంచి మీ కౌసల్య ఆంటీ ఫోను చేసింది. వాళ్ళ వీణా, అల్లుడు వివేకూ మీ ఊళ్ళోనే ఇల్లు కొన్నారటగా! శ్రావణంలో గృహప్రవేశం. డెన్మార్కులో ఆ మూలకి వచ్చే పంతులు దొరకలేదట. "అన్నయ్యగారూ, మీరే వీడియోలో కూర్చుని చేయించాలి" అంది.

వారమంతా యూనివర్సిటీలో లెక్కలు చెప్పుకుని, శని ఆదివారాలు పంచె కట్టుకుని పౌరోహిత్యానికి బయల్దేరే మనిషిని నేను. వార్విక్ వెళ్ళాను, గాటన్ వెళ్ళాను, డాల్బీ దాకా కారు తోలాను. సముద్రాలు దాటి నా మంత్రం పోవడం మాత్రం ఇదే మొదలు. మా నాన్న రాజమండ్రి చుట్టుపక్కల తప్ప ఎక్కడా పీట వెయ్యలేదు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

ఇప్పుడు నీతో పని. సంకల్పంలో ఊరి పేరు చెప్పాలి కదా. ఏ నేల మీద, ఏ నది పక్కన, ఏ ఊళ్ళో, ఏ గోత్రం వాడు ఏ పని తలపెట్టాడో దేవుడికి విన్నవించుకోవడమే సంకల్పం. చిరునామా తప్పు రాసిన కవరు ఎక్కడికి చేరుతుంది? ఈ ఊరికి వచ్చిన కొత్తలో టూవూంబా అని ఎలా పలకాలో పోస్టాఫీసులో నిలబడి నేర్చుకున్నాను. నది ఏదని వెతికితే గౌరీ క్రీక్ అని తేలింది. ఎవరో స్కాట్లాండు వాళ్ళు పెట్టుకున్న పేరట. పెడితే పెట్టారు, నాకు గౌరమ్మే.

కాబట్టి మీ ఊరి పేరు ఆ నేల మనుషులు ఎలా అంటారో కనుక్కుని రాయి. నేనైతే ఆర్హస్ అంటున్నాను. అన్నట్టు, ఆ రోజు నువ్వు తాంబూలం పళ్ళెం సర్ది, ఫోను కదలకుండా పట్టుకుంటే చాలు.

ఆశీస్సులతో, నీ కబురు కోసం చూస్తూ,
నాన్న


ఆర్హస్ (కాదు, కింద చదువు)
15 జూన్ 2025

నాన్నకి,

నా చేతిరాత చూసి నవ్వకు. 'క్ష' ఇంకా కోడిపుంజులాగే వస్తోంది.

నువ్వు ఒక్క మాట అడిగావు. నాకు వారం పట్టింది. ఈ ఊరి పేరు రాయడానికే రెండు పద్ధతులు. ఒకప్పుడు మొదట రెండు A లు రాసేవాళ్ళట. తర్వాత దేశమంతా స్పెల్లింగ్ మార్చి, రెండింటికి బదులు నెత్తిన చిన్న సున్నా ఉన్న ఒకే A పెట్టారు. 2011 నుంచి ఊరివాళ్ళే మళ్ళీ పాత రెండు A లకి వెళ్ళిపోయారు. పైదేశాల వాళ్ళకి కంప్యూటర్లో సున్నా A కొట్టడం రాదని ఒక కారణం. ఇప్పటికీ దాని మీద ఇక్కడ గొడవే. మా ఆఫీసులో గాలిమరల లెక్కలు చూసే ఇద్దరు పెద్దవాళ్ళు లంచ్ టైమంతా ఈ విషయం మీద వాదించుకున్నారు. అడిగినందుకు నాకే సిగ్గేసింది.

ఎలా రాసినా పలకడం ఒకటే. కాని అది చెవికి దొరకదు. మొదట 'ఓ'. తర్వాత 'ర' ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. చివర 'హూస్', అందులో గొంతు ఒక్క క్షణం పట్టేసినట్టు ఆగుతుంది. వీణా వాళ్ళ కొత్త ఇంటి పక్కన అనెలీస్ అని రిటైరైన స్కూలు టీచరు ఉంది. నేను 'ఆర్హస్' అంటే చెవులు మూసుకుంది. గుమ్మంలో నిలబెట్టి పలికించింది. ఆవిడ లెక్కలో 'ఓహూస్' చాలావరకు పాస్.

నది పేరు ఇంకా సులువు. ఒకే అక్షరం. 'ఓ'. అంటే ఏరు అనే అర్థమట.

నాన్నా, ఇంకొన్ని అడగాలి. వాస్తు పూజ ముందా, పాలు పొంగించడం ముందా? కలశంలో నీళ్ళు ఎంతవరకు? ఋతువు ఇక్కడిది చెప్పాలా, పంచాంగంలోదా? పుణ్యాహవాచనంలో నువ్వు ఊపిరి ఎక్కడ తీసుకుంటావు? అన్నీ వివరంగా రాయి ప్లీజ్.

అమ్మకి ముద్దులు. నీకు దండాలు.
నీ
హరి


టూవూంబా
29 జూన్ 2025

చిట్టితల్లికి,

నీ 'క్ష' కోడిపుంజు కాదు, నెమలి. అలాగే రాస్తూ ఉండు.

పేరు సంగతి మా ఊళ్ళోనూ ఉన్నదే. రాజమండ్రి, రాజమహేంద్రవరం. రైలు బోర్డు మీద ఒకటి, రిక్షావాడి నోట ఇంకొకటి. మా నాన్న సంకల్పంలో రాజమహేంద్రవరం అనేవాడు, బజారులో వంకాయలు బేరమాడేటప్పుడు రాజమండ్రి అనేవాడు. రెండూ ఆయన ఊళ్ళే.

నీ మాట ఖాయం చేసుకుందామని మొక్కల నర్సరీ నడిపే పౌల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది మీ ఊరే. వచ్చి యాభై ఏళ్ళయిందట. రెండు A లు అనగానే చేతిలో నీళ్ళ గొట్టం కింద పడేశాడు. "నేను వదిలొచ్చిన ఊరికి సున్నా ఉంది, సుందర్! అది తీసెయ్యడానికి వాళ్ళెవరు?" అని నా మీదే ఎగిరాడు. తర్వాత ఆయనే ఒక నిమ్మమొక్క చేతిలో పెట్టి, ఊరి పేరు పదిసార్లు పలికించాడు. ఆయన 'ర' పలుకుతాడు. మీ అనెలీస్ మింగేస్తుంది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక రోజూ కార్లో రెండూ సాధన చేస్తున్నాను. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు చూస్తున్నారు.

నీ మిగతా ప్రశ్నలకి విడి కాగితం మీద జవాబులు రాశాను. ఋతువు పంచాంగంలోదే. నేను ఈ మంచులో వణుకుతూ గ్రీష్మ ఋతువు అనడం లేదూ? కాని అమ్మలూ, ఒక మాట. ఊపిరి ఎక్కడ తీసుకుంటావు, కలశంలో నీళ్ళెన్ని అని అడగడం చూస్తే నాకు కొంచెం గుచ్చుకుంది. తాతకు దగ్గులు నేర్పుతున్నావేమో అనిపించింది. వీడియోలో మీ నాన్న తడబడతాడని భయమా? నీ స్నేహితుల ముందు నీ పరువు తియ్యను లే.

ముహూర్తం మీకు పొద్దున, మాకు సాయంత్రం. ఆ పూట క్లాసు వేరేవాళ్ళకి అప్పగించాను. కొత్త పంచె కూడా తీయించాను.

సిద్ధంగా ఉన్న
నాన్న


ఓహూస్
20 జూలై 2025

నాన్నా,

ఇది ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

వీణా వాళ్ళు వీడియో వద్దనుకుంటున్నారు. ఇక్కడే ఎవరో దొరికారు. నీకు క్లాసులు ఉంటాయి, సాయంత్రం చలిలో కూర్చోవడం, ఇవన్నీ ఎందుకని. ఏమీ అనుకోకు. నువ్వు రాసి పంపిన జవాబులు మాత్రం చాలా పనికొస్తాయి. పూజ అయ్యాక అన్నీ వివరంగా రాస్తాను.

అమ్మని అడిగానని చెప్పు.
హరి


టూవూంబా
26 జూలై 2025

చి. హరిప్రియకు,

నీ ఉత్తరం అందింది. వీణా వివేకుల గృహప్రవేశం శుభంగా జరగాలని కోరుకుంటున్నాను.

నేను ఓహూస్ అనే తీరు నవ్వులాటగా ఉంటుందని ముందే చెప్పి ఉంటే, పౌల్ గారి పని పాడుచేసి నేర్చుకునేవాణ్ణి కాదు. ఆ దొరికినాయన ఎవరో గానీ, ఆయనకి నా కాగితాలు ఇవ్వవద్దు. ఎవరి పద్ధతి వారిది.

మీ అమ్మ నా మొహం చూసి, "పిల్ల ఏదో చెప్పలేక సతమతమవుతోందండీ" అంది. నాకేమీ అలా అనిపించలేదు.

శ్రేయోభిలాషి
సుందరరామయ్య


ఓహూస్
11 ఆగస్టు 2025

నాన్నా,

నువ్వు 'శ్రేయోభిలాషి' అని సంతకం పెట్టావు. బ్యాంకు వాళ్ళు కూడా నాకు అంతకన్నా ప్రేమగా రాస్తారు.

దొరికినాయన లేడు. దొరికింది నేను.

జూన్‌లోనే వీణ అడిగింది. "వీడియోలో అంకుల్‌ని ఎందుకే కష్టపెట్టడం, చిన్నప్పట్నుంచీ ఆయన కారు వెనక సీట్లో కూర్చుని మొత్తం నోటికి పట్టేశావుగా, నువ్వే చేయించెయ్" అంది. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. వెంటనే భయం కూడా పుట్టింది. నాకు పన్నెండేళ్ళప్పుడు డాల్బీలో ఒక వ్రతానికి తీసుకెళ్ళావు, గుర్తుందా? నీ పక్కన కూర్చుని నేనూ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నువ్వు నా మోకాలు నొక్కి, "ఇక్కడొద్దు, ఇంటి దగ్గర" అన్నావు. ఆడపిల్ల నలుగురిలో చదవడం నీకు నచ్చదనుకున్నాను. తర్వాత ఎప్పుడూ నీ ముందు గొంతెత్తలేదు. అందుకే అడగలేకపోయాను. అడిగితే వద్దంటావు. వద్దంటే నేను మానేస్తాను. మానెయ్యడం నాకు ఇష్టం లేదు.

నిన్న చేయించాను. చీర కట్టుకున్నాను. పాలు పొంగాయి. పుణ్యాహవాచనం నువ్వు ఊపిరి తీసుకునే చోట్లే ఊపిరి తీసుకుని చదివాను. వివేక్ వాళ్ళమ్మగారు కాకినాడ నుంచి ఫోన్లో చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు. అనెలీస్ పూలగుత్తి తెచ్చి ముందు వరసలో కూర్చుంది. తన ఊరి పేరు సంస్కృతంలో వినాలని రెండు నెలలుగా ఎదురుచూస్తోంది మరి.

అంతా అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మా ఊరి పేరు ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. రాలేదేం?" అంది.

వచ్చింది కదా అన్నాను. రాత్రి రికార్డింగ్ పెట్టి విన్నాను. రాలేదు నాన్నా. నేను చెప్పింది 'ఆస్ట్రేలియా ఖండే, గౌరీ తీరే, టూవూంబా నగరే'. వరసగా, ఎక్కడా తడబడకుండా, నీ గొంతులో చెప్పేశాను. రెండు నెలలు గుమ్మంలో నిలబడి నేర్చుకున్న పేరు ఆ క్షణంలో నోటికే రాలేదు.

డెన్మార్కులో కొన్న ఇంటికి టూవూంబాలో గృహప్రవేశం చేయించాను. ఇంకెవరికీ తెలియదు. వీణ ఆ ఇంట్లో మొదటిసారి పడుకుంది, చాలా సంతోషంగా ఉంది. ఆ పూజ చెల్లుతుందా? వీణకి చెప్పాలా? నేను ఈ పనికి తగనా? నువ్వు తగనంటే ఇంక ముట్టుకోను. వీడియో పంపుతున్నాను. మొత్తం చూసి చెప్పు.

నీ
హరి


టూవూంబా
17 ఆగస్టు 2025

బంగారుతల్లీ,

మొదట కోపం వచ్చింది. నాకు చెప్పకుండా చేశావని వచ్చింది, చేశావని కాదు. రెండు రోజులు వీడియో తెరవలేదు. మీ అమ్మకి జూన్ నుంచీ తెలుసట! "మీ ఇద్దరి మధ్య నేను నలిగిపోయా, ఇంక వీడియో పెట్టి చూడండి, లేకపోతే నేనే పెడతా" అని టీవీకి కలిపి కూర్చోబెట్టింది.

చూశాను. మళ్ళీ చూశాను. మీ అమ్మ పడుకున్నాక శబ్దం తగ్గించుకుని ఇంకోసారి చూశాను. నీ స్వరం ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. కలశం మీద కొబ్బరికాయ పెట్టేటప్పుడు ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించావు. అది మా నాన్న అలవాటు. నేను నీకు నేర్పలేదు. నువ్వు ఆయన్ని చూడనే లేదు. నా దగ్గర చూసి ఉంటావు, నాకే తెలియకుండా నాలో ఉన్నదాన్ని. పులి కడుపున పులే పుడుతుందంటారు. నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను.

ఇక డాల్బీ సంగతి. ఓసి పిచ్చిదానా! ఆ రోజు నువ్వు నాకన్నా ముందు పోతున్నావు. నేను ఒక పాదం చదివేలోపు నువ్వు రెండోదానిలో ఉన్నావు. పైగా తప్పు లేకుండా. నీ వెంట పరుగెత్తలేక నేను వరస మర్చిపోయాను. ఆ ఇంటాయన ముసిముసిగా నవ్వుతున్నాడు. పరువు దక్కించుకోవడానికి నీ మోకాలు నొక్కాను. దానికి నువ్వు ఇన్నేళ్ళు నోరు మూసుకుంటావని కలలో కూడా అనుకోలేదు. కార్లో వెనక నుంచి వినిపించడం మానేస్తే, పిల్లకి పూజల మీద ధ్యాస పోయింది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

తప్పు సంగతి వినుకో. పాలు పొంగిన ఇల్లు పొంగినట్టే. పూజ చివర, తెలిసీ తెలియక చేసిన పొరపాట్లు మన్నించమని చదివావు కదా, ఆ మాట అలంకారానికి పెట్టలేదు. కాని వీణకి చెప్పాలి. పీట మీద కూర్చున్నవాళ్ళ దగ్గర పురోహితుడు దేన్నీ దాచకూడదు. వినాయక చవితి వస్తోంది. ఆ పూజ ఆ ఇంట్లోనే పెట్టుకోమను. నువ్వే చేయించు. మళ్ళీ సంకల్పం చెప్పి, ఆ ఇంటినీ ఆ ఊరినీ కలుపు.

ఊరి పేరు ఏ స్పెల్లింగు ప్రకారం అని ఆలోచించకు. పౌల్ గారిది ఆయన వదిలొచ్చిన ఊరు. అనెలీస్‌ది ఆవిడ ఉంటున్న ఊరు. నువ్వు ఉంటున్నదీ ఆ ఊళ్ళోనే. ఆవిడ నోట వచ్చినట్టే అను. ఆవిణ్ణి ముందు వరసలోనే కూర్చోబెట్టు.

నీ
నాన్న (శ్రేయోభిలాషిని చించి పారేశాను)


ఓహూస్
31 ఆగస్టు 2025

నాన్నా,

నీ ఉత్తరం ట్రామ్‌లో చదివాను. పక్కనావిడ టిష్యూ ఇచ్చింది.

వీణకి చెప్పాను. అది "అయితే మాకు ఆస్ట్రేలియాలో కూడా ఒక ఇల్లున్నట్టేగా! లోన్ లేకుండా" అని పడీ పడీ నవ్వింది. వివేక్ మాత్రం గూగుల్ మ్యాప్‌లో గౌరీ క్రీక్ వెతికి ఫొటో తీసుకున్నాడు.

చవితికి మొత్తం ఏడు కుటుంబాలు వచ్చాయి. పత్రి సగం అనెలీస్ తోటలోదే. పేర్లు మనకి తెలియని ఆకులు, కాని పచ్చగా ఉన్నాయి. సంకల్పం దగ్గరికి వచ్చాను. కళ్ళు మూసుకోలేదు. అనెలీస్ వైపు చూస్తూ చెప్పాను. 'ఓ నదీ తీరే, ఓహూస్ నగరే.' గొంతు పట్టాల్సిన చోట పట్టింది. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. వాళ్ళ జాతీయగీతం వినిపిస్తే నిలబడినట్టు. అది చూసి అందరూ నిలబడ్డారు. ఎందుకో తెలియకుండానే. కూర్చోమనడానికి నాకు మనసు రాలేదు.

వెళ్ళేటప్పుడు రెండు కుటుంబాల వాళ్ళు దసరాకి అడిగారు. ఒకావిడ నన్ను ఏమని పిలవాలో తెలియక "పంతులమ్మా" అంది. నాన్నా, నాకు చాలా గర్వంగా ఉంది. నీలాగే, నేనూ దాచుకోను.

నీ
హరి


టూవూంబా
14 సెప్టెంబరు 2025

పంతులమ్మ గారికి,

ఊరంతా పూలు. పూల పండుగకి బస్సుల్లో జనం దిగుతున్నారు. పౌల్ గారి నర్సరీకి వెళ్ళి, చవితి నాడు నువ్వు ఓహూస్ అన్న ముక్క ఫోన్లో వినిపించాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. "సున్నా వినిపించింది" అన్నాడు. సున్నా ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు గానీ, నేనూ అవునన్నాను.

ఇప్పుడు నా కష్టం. నేను పుట్టింది విశ్వావసులో. అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ విశ్వావసు వచ్చింది. మార్గశిరంలో నాకు షష్టిపూర్తి. మీ అమ్మ మెడలో మళ్ళీ తాళి కట్టాలి. అన్నీ చేసిపెట్టే పురోహితుణ్ణి నేనే అయినా, నా పీట మీద నేనే కూర్చుని నాకు నేనే చేయించుకోలేను కదా. బ్రిస్బేన్ పంతులుగారు వస్తానన్నారు. కేరమ్ డౌన్స్ గుడి నుంచి ఎవరినైనా పంపించమంటారా అని కూడా అడిగారు. అక్కర్లేదు, మాకు మనిషి ఉన్నారని చెప్పాను. ఎవరని అడిగితే, "ఓహూస్ నుంచి వస్తున్నారు" అన్నాను. ఆ వార్త కొండంతా పాకింది. ఒకరు ఆర్హస్ అంటున్నారు, ఒకరు ఔరస్ అంటున్నారు, గాటన్ నరసింహ అయితే ఏకంగా ఆస్ట్రియా అంటున్నాడు. నేను నిలబెట్టి అందరి చేతా సరిగ్గా పలికిస్తున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చ గెలిచావు. ఇంక ఇంటికి రా.

ఆ పూట నువ్వు నా కూతురివి కాదు, నేను నీ చేత పూజ చేయించుకునే యజమానిని. నన్ను 'నాన్నా' అనకూడదు. నా గోత్రం చెప్పి, నా పేరు పెట్టి పిలిచి నా చేత సంకల్పం చెప్పించాలి. సుందరరామయ్య అనే మాట నీ నోట నేను ఎన్నడూ వినలేదు. ఎలా ఉంటుందో అని ఇప్పటి నుంచే కూర్చుని ఊహించుకుంటున్నాను. అంతా అయ్యాక నేనూ మీ అమ్మా నీకు తాంబూలం ఇచ్చి, తల వంచి, నీ చేత అక్షింతలు వేయించుకుంటాం. చెయ్యి వణకనియ్యకు. మోచెయ్యి ఆనించుకో, మా నాన్నలాగ.

ఊరి పేరు ఈసారి టూవూంబా. నీకు నోటికి వచ్చిందే. ఒకవేళ ఆ క్షణంలో అలవాటు కొద్దీ నీ నోట ఓహూస్ అని వచ్చినా, పీట మీద కూర్చున్న నేను దిద్దను. అది ఇప్పుడు నీ ఊరు.

నమస్కారాలతో,
ఆ రోజుకి నీ యజమాని,
సుందరరామయ్య